గుమ్మం పక్కన చాప

మా నాయినకు ఎక్కడికి వెళ్లినా గంట ముందే చేరాలి. మేడ్చల్ కరెంటు ఆఫీసులో లైన్‌మన్‌గా చేసిన రోజుల్లోనూ అంతే, కాళ్లు వాచి చేతికర్ర పట్టి గాజులరామారంలో నా దగ్గర ఉంటున్న ఈ రోజుల్లోనూ అంతే. శామీర్‌పేటలో మా పాత చర్చిని పడగొట్టి రెండంతస్తుల మందిరం కడుతున్నామని, పాత కప్పు కింద రొట్టె, ద్రాక్షరసం పంచే ఆఖరి ప్రభువు బల్ల ఈ ఆదివారమేనని అక్కడి పాస్టరు ఫోన్ చేసినప్పుడు, ఏదో ఒక సాకు చెప్పి తప్పించుకుందామనే చూశాను. ఎండ, ట్రాఫిక్, నాయిన కాళ్లు, సాకులకేం కొదవ. కానీ ఫోన్ స్పీకర్‌లో ఉండటంతో ఆ మాట విన్న నాయిన టీ గ్లాసు కింద పెట్టి, "పోదాం" అన్నాడు. ఆయన నోట అంత గట్టిగా ఒక మాట వచ్చి చాలా కాలమైంది. ఆదివారం తెల్లవారేసరికి తెల్ల చొక్కా తొడుక్కుని, చెప్పులు వేసుకుని, సోఫా అంచున కూర్చుని ఉన్నాడు. టిఫిన్ ముట్టలేదు. బల్ల ఉన్న ఆదివారం ఆయన ఆరాధన అయ్యేదాకా ఏమీ తినడు. రొట్టె కడుపులోకి వెళ్లే ముందు ఇంకేదీ వెళ్లకూడదని ఆ నియమమనుకునేదాన్ని. నా నాయిన గురించి నాకు తెలుసనుకున్న చాలా విషయాల్లో అదొకటి.

సుచిత్ర దాటి, హకీంపేట మీదుగా కరీంనగర్ రోడ్డు పట్టుకున్నాం. దారి పొడుగునా నాయిన కరెంటు స్తంభాలనే చూశాడు. "గీ లైను నేను గుంజిందే" అని ఒకచోట, "గా ట్రాన్స్‌ఫార్మరు ఇంక గదే" అని ఇంకోచోట. తూంకుంట దగ్గరికి రాగానే మాట ఆపేశాడు. నేనూ కిటికీలోంచి బయటికి చూశాను. ఒకప్పుడు అక్కడ రోడ్డుకు రెండు పక్కలా ద్రాక్ష తోటలుండేవి. రాతి కడీలు పాతి, పైన తీగలు లాగి, ఆ తీగల మీద ద్రాక్ష పందిరి అల్లించేవారు. మండే ఎండలో కూడా పందిరి కింద ఆకుపచ్చటి చీకటి ఉండేది. పక్వానికి వచ్చే రోజుల్లో ఆ రోడ్డు మీద బస్సులో పోతుంటే తియ్యటి, కొంచెం పుల్లటి వాసన ముఖానికి తగిలేది. ఇప్పుడు అక్కడ పెద్ద గేట్లు, వాటి మీద బంగారు రంగు అక్షరాలు, లోపల ఒకే రకం ఇళ్లు. ఆ రాతి కడీలే కొన్ని ప్రహరీ కోసం వాడుకున్నారు. గాలి జవహర్‌నగర్ డంపింగ్ యార్డు వైపు నుంచి వీస్తున్నట్టుంది, చెత్త వాసన కారు అద్దాలు మూసినా ఆగలేదు. ఆ ఇళ్లు లక్షలు పోసి కొనుక్కున్నవాళ్లు ఆ వాసన గురించి ఒకరితో ఒకరు ఏమనుకుంటారో అని నవ్వు వచ్చింది. అంతలోనే అవ్వ గుర్తొచ్చి నవ్వు పోయింది.

అవ్వ అంటే నాయిన తల్లి. నన్ను కన్న కొద్ది రోజులకే మా అమ్మ పోయింది, పెంచింది అవ్వే. బాప్తిస్మానికి ముందు ఆమె పేరు పోశవ్వ, తర్వాత సారమ్మ అయింది. ఆ తోటల్లోనే కూలికి పోయేది. కొమ్మలు కత్తిరించడం, గుత్తుల్లో చిన్న కాయల్ని ఏరేయడం, పిట్టల్ని తోలడం. సాయంత్రం ఇంటికొస్తే ఆమె కొంగు నిండా ఆకు వాసన, తంబాకు వాసన, చెమట వాసన. నేను ముక్కు మూసుకునేదాన్ని. "మూసుకో బిడ్డా, మూసుకో. గీ వాసనతోనే నీ ఫ్రాకు అచ్చింది" అని నవ్వేది. ఆ తోటల్లో ఒక మూల నల్ల ద్రాక్ష కొంత ఉండేది. బల్ల ఆదివారానికి ముందు తోట యజమాని ఒక బుట్టెడు నల్ల పండ్లు చర్చికని ఇచ్చేవాడు. శనివారం మధ్యాహ్నం నుంచి మా ఇంట్లో అదే పని. అవ్వ తలకు పోసుకుని, ఉతికిన చీర కట్టుకుని, ఇత్తడి గిన్నెలో పండ్లు వేసి చేత్తో చిదిమేది. పొయ్యి మీద సన్నటి సెగన ఉడికించేది. ఇల్లంతా ఎర్రటి తియ్యటి ఆవిరి. పాత తెల్ల ధోవతి గుడ్డలో వేసి వడకట్టేది, పిండకూడదు, దానంతట అదే కారాలి, పిండితే వగరు దిగుతుందని చెప్పేది. కాయలు లేని నెలల్లో నల్ల కిస్మిస్ నానబెట్టేది. తెల్లవారి లేచి ఉప్పు లేని గోధుమ రొట్టెలు కాల్చేది. మాడకుండా, పొంగకుండా, పెనం మీదే నిలబడి వాటిని చూసుకునేది.

అన్నీ చేసి, గుడ్డ కప్పి, నాయిన చేతికిచ్చి, తాను చర్చిలో గుమ్మం పక్కన చాప మీద కూర్చునేది. బల్ల ముట్టేది కాదు.

చిన్నప్పుడు నాకు ఇందులో వింతేమీ కనిపించలేదు. పుట్టి బుద్ధి తెలిసినప్పటి నుంచీ చూస్తున్నది ఎవరికైనా వింతగా ఎందుకుంటుంది? ఆడవాళ్లంతా ఎడమ వైపు బెంచీల్లో, అవ్వ మాత్రం గుమ్మం పక్కన, చుట్టూ ఊరందరి చెప్పులు. రొట్టె పళ్లెం ముందు నుంచి మొదలై ఆఖరి బెంచీ దగ్గర వెనక్కి మళ్లేది, గుమ్మం దాకా రాదు. ఆమె చెప్పులకు కాపలా కూర్చుంటుందనుకున్నాను. కొంచెం పెద్దయ్యాక తంబాకు నములుతుంది కాబట్టి, మధ్యలో లేచి బయట ఉమ్మాలి కాబట్టి అక్కడ కూర్చుంటుందనుకున్నాను. ఆ సంగతి నాకు నామోషీగా ఉండేది. సిటీ నుంచి ఎవరైనా ప్రసంగానికి వస్తే అవ్వ వైపు చూసేదాన్ని కాదు. లోపలికి పోతూ కొత్త చెప్పులు ఆమె పక్కన విడిచేదాన్ని, ఆమె వాటిని తీసి ఒళ్లో పెట్టుకునేది, నేను వెనక్కి చూడకుండా వెళ్లిపోయేదాన్ని. అంతే మా ఆదివారం. ఒకసారి మాత్రం అడిగాను, అక్కడి నుంచి నీకు పాస్టరు కనిపిస్తాడా, స్తంభం అడ్డం కదా అని. "నాకు అగుపడాల్సింది అగుపడ్తది తియ్" అంది.

ఇంకో సంగతి కూడా ఉంది. ఆదివారం నా తల దువ్వడం పెద్ద యుద్ధం. సిటీ పిల్లల్లాగా జుట్టు వదిలేసుకుంటానని నేను, కుదరదని అవ్వ. నడి నెత్తిన పాపిట తీసి, రెండు జడలు బిర్రుగా అల్లి, వాటిని ముందుకు వేసి పంపేది. "మెడ సల్లగుండాలె" అనేది. కూర్చోవడం కూడా మూడో బెంచీ చివరే, నడవ పక్కన. ఎవరైనా ముందే కూర్చుంటే కొట్లాడైనా సరే ఆ చోటు సంపాదించుకోమనేది. నా మెడ వెనుక చిన్నప్పటి అమ్మవారి మచ్చలు ఉన్నాయి. స్నానం చేయించేటప్పుడు అవ్వ వేళ్లు వాటి మీద ఒక్క క్షణం ఎక్కువ సేపు ఆగేవి. చక్కిలిగింత పెడుతుందని నేను మెలికలు తిరిగేదాన్ని.

నాయిన అప్పటికి సంఘ పెద్ద. పాస్టరు రాని ఆదివారాల్లో వాక్యం చెప్పేది ఆయనే. చదువు తక్కువైనా మాట సూటిగా ఉండేది, తన పనిలోంచే అన్నీ తెచ్చేవాడు. "దేవుని న్యాయం తీగల కరెంటు అసొంటిది. ముట్టినోడు పెద్దోడా, సిన్నోడా, మనోడా అని సూడది. ముడ్తె పడ్తది. గంతే" అనేవాడు. పిల్లలం బెంచీల్లో జరిగి కూర్చునేవాళ్లం. తర్వాత గొంతు తగ్గించి, "మరి మనం బతికున్నం గదా, ఎట్ల? పిడుగు పడ్తె ఇంటి మీద పడకుంట తన మీదికి గుంజుకొని భూమిలకు దించే తీగ ఉంటది సూడున్రి. గదే సిలువ. శిక్ష లేకుంట ఇడిస్తె న్యాయం గాదు. మన మీదనే పడనిస్తె ప్రేమ గాదు. అందుకే కొడుకును నడుమ నిలవెట్టిండు" అనేవాడు. నేను తర్వాత ఎందరో పండితుల ప్రసంగాలు విన్నాను, పుస్తకాలు చదివాను, కానీ ప్రాయశ్చిత్తం అనే మాట వింటే ఇప్పటికీ నాకు కనిపించేది ఇంటి గోడ పక్కన భూమిలోకి దిగిన ఆ తీగే. గాజులరామారం చర్చిలో ఏళ్ల తరబడి ఆదివారం బడి పిల్లలకు ఇదే పాఠం చెప్పాను. బోర్డు మీద ఇల్లు గీసి, మెరుపు గీసి, తీగ గీసి, "ఇంట్లో పాప హాయిగా నిద్రపోతోంది, ఎందుకో చెప్పండి" అని అడిగేదాన్ని. పిల్లలు చెప్పేవారు. నేను చప్పట్లు కొట్టించేదాన్ని.

మేం వెళ్లేసరికి చర్చిలో ఎవరూ లేరు. రేకుల కప్పు, కిందికి వేలాడే ఫ్యాన్లు, నాలుగు పాత బెంచీలు. మిగతావన్నీ ప్లాస్టిక్ కుర్చీలు. స్తంభానికి ఇప్పుడు టీవీ తగిలించారు. నాయిన కర్ర పొడుచుకుంటూ లోపలికి రాబోతున్నాడనుకుని నేను ముందుకు నడిచాను. వెనక్కి తిరిగి చూస్తే ఆయన గుమ్మం పక్కనే ఆగిపోయి, గోడకు ఆనించి ఉన్న చాప విప్పడానికి వంగుతున్నాడు.

"ఏంది నాయినా, గా కాళ్లతోని కింద కూసుంటవా? మల్ల లేపుడు నావల్ల గాదు" అని గదిమాను. నాయినతో మాట్లాడితే నాకూ ఊరి మాటే వస్తుంది.

"సాప పరువు" అన్నాడు.

"అందరొస్తరు. పాత పెద్ద సెప్పుల కాడ కూసున్నడంటె నన్నంటరు."

"అననీ. పరువు బిడ్డా."

పరిచాను, విసురుగానే. కూర్చోబెట్టడానికి ఇద్దరం ఆయాసపడ్డాం. మా గాజులరామారం చర్చిలో కూడా ఆయన ఇంతే, ఎప్పుడూ ఆఖరి కుర్చీ, తలుపు పక్కన. మోకాళ్ల నొప్పి, లేచి వెళ్లడానికి వీలుగా ఉంటుందని నేనే అందరికీ చెప్పేదాన్ని. నేను ఆయన పక్కన కూర్చుని చున్నీతో విసురుకుంటుంటే, నాయిన నేల మీద అరచెయ్యి పెట్టి నిమిరాడు.

"మా అవ్వ జాగ గిది" అన్నాడు.

"ఎరుకే."

"ఎరుక లేదు నీకు. ఎందుకు కూసున్నదో ఎరుక లేదు." మళ్లీ తానే అన్నాడు. "కూసోబెట్టింది నేను."

ఇక్కడి నుంచి ఆయన చెప్పింది చెప్పినట్టు రాయాలంటే నా చెయ్యి సాగడం లేదు. అయినా రాస్తాను. నాకప్పుడు మూడేళ్లట. ఒళ్లంతా అమ్మవారు పోసింది, కళ్లు తెరవడం లేదు, నీళ్లు మింగడం లేదు. మేడ్చల్‌లో డాక్టరు చూసి ఆశ పెట్టుకోవద్దన్నట్టే మాట్లాడాడు. సంఘమంతా మా ఇంట్లో కూర్చుని ప్రార్థన చేసింది. గాలివానకు స్తంభాలు పడిపోయాయని నాయినను డ్యూటీకి పిలిచారు. ఆయన లేనప్పుడు అవ్వ కొత్త కుండ తెచ్చి, పసుపు రాసి, వేపాకు కట్టి, బెల్లపన్నం వండి, బోనం నెత్తిన పెట్టుకుని పొలాల అంచున ఉన్న పోచమ్మ దగ్గరికి ఒక్కతే నడిచి వెళ్లింది. తాను విడిచిపెట్టి వచ్చిన తల్లి దగ్గరికి, తాను విడిచిపెట్టిన పేరున్న తల్లి దగ్గరికి. మర్నాటికి నేను కళ్లు తెరిచాను. ఆ జబ్బు తన రోజులు తాను తీసుకుని తగ్గుతుందని ఇప్పుడు నాకు తెలుసు. అవ్వకు తెలియదు. ఆమెకు తెలిసిందల్లా పిల్ల నీళ్లు అడిగిందని.

"ఎవలన్న సూసిన్రా?" అని అడిగాను.

"ఒక్కలు సూడలే. మూసిపెడ్తె ఆన్నే అయిపోతుండె. బల్ల ఆదివారం పళ్లెం ఆమె ముందటికి తెచ్చింది నేనే. 'నేను ముట్ట కొడుకా, నేను గిట్ల జేసిన' అని లేసి నిలవడి సంఘం ముందట సెప్పింది."

మా చర్చిలో ఒక పద్ధతి ఉండేది. విగ్రహాల దగ్గరికి వెళ్లినా, తాగి కొట్లాడినా, అలాంటిది ఇంకేదైనా చేసినా, ఆ మనిషికి బల్ల బంద్. గుమ్మం పక్కన చాప. తప్పయిందని అందరి ముందూ ఒప్పుకుంటే, సంఘం తరఫున ఒకరు వెళ్లి కుడిచెయ్యి అందించి, చాప మీది నుంచి లేపి, నడిపించుకొచ్చి బెంచీలో కూర్చోబెట్టేవారు. అప్పుడు పళ్లెం మళ్లీ వాళ్ల ముందుకొచ్చేది. అదే యేడు చెరువులో చేపలు పట్టే బాలయ్య అనే అతన్ని ఇదే తప్పుకు నాయిన చాప మీద కూర్చోబెట్టాడట. అతను అవమానంతో మళ్లీ చర్చి గడప తొక్కలేదు.

"పాస్టరు అన్నడు, పోనీ పెద్దా, ముసలామె, పిల్ల కోసం జేసింది, ఊకుందం అని. నేనే ఊకోలే. బాలయ్యను కూసోబెట్టిన నోటితోని మా అవ్వను ఇడుస్తనా? తీగ మనోడని సూడదంటి గదా అందరికి. సూపెట్టిన." నాయిన గొంతులో ఏ భావమూ లేదు. ఎవరికో డ్యూటీ రిపోర్టు ఇస్తున్నట్టుంది.

"మరి తప్పయిందని అంటె లేపెటోళ్లు గదా?"

"అన్లే. ఎన్ని సార్లో అడిగిండు పాస్టరు. ఒక్క మాట అను సారమ్మా, సెయ్యి ఇస్త అని. ఏమన్నదో ఎరుకనా? 'కూసోబెట్టున్రి, పడ్త. మీ న్యాయం మీరు జేసిన్రు, నేనేమనను. తప్పయిందని మాత్రం అనను. నేను గా మాట అంటె, పిల్ల బతికింది తప్పయిందని దేవునికి సెప్పినట్టయితది' అన్నది. సచ్చెదాంక అన్లే."

ఫ్యాను తిరుగుతోంది. బయట ఎవరో మైకు సెట్టు దించుతున్నారు.

"ఒక్కటే అడిగింది సంఘాన్ని. పొల్లకు సెప్పకున్రి, దాని కోసం గీడ కూసున్ననని తెలిస్తె అది మీ నడుమ నిమ్మలంగ కూసోదు అన్నది. అందరు మాటిచ్చిన్రు. నిలవెట్టుకున్నరు."

అది నిజం. ఎంత చిన్న ఊరు, ఎన్ని నోళ్లు. పెళ్లిళ్లలో, చావుల్లో, కొట్లాటల్లో ఒక్కరూ నా ముందు జారలేదు. అవ్వ చేసిన రసం తాగుతూ, ఆమె కాల్చిన రొట్టె తింటూ, ఆమెను చాప మీద ఉంచినవాళ్లే, ఆమెకిచ్చిన మాట మాత్రం పోగొట్టుకోలేదు. మధ్యలో ఒక నెల ఇంకెవరో రసం చేస్తే పులిసిపోయిందట. మళ్లీ చప్పుడు లేకుండా బుట్ట మా ఇంటికే వచ్చింది. "సేసుడు నాది, తాగుడు మీది" అని అవ్వ నవ్విందట. ఆ మాట నాకూ గుర్తుంది. ఆమె ఏదో పరాచికమాడుతోందనుకున్నాను.

"శవపెట్టె మూసెటప్పుడు సెయ్యి ఇచ్చిన" అన్నాడు నాయిన. "కొంగు సర్దుతున్న అనుకున్నరు అందరు. కుడిసెయ్యి పట్టుకున్న. సల్లగ. పట్టుకునేటట్టు లేదు గా సెయ్యి. గప్పటిసంది నేను బల్ల ముట్టలే."

"ముట్టలేదా? అందరికి పళ్లెం పట్టింది నువ్వే గద?"

"పట్టిన. నేను తినలే. గంతమందిల ఎవడు సూస్తడు."

నేను చూడలేదు. ఒకే ఇంట్లో ఉంటూ, ఒకే కారులో చర్చికి వెళ్తూ, నా పక్కనుంచి పళ్లెం ఆయన దాకా వెళ్లి ఆయన దగ్గర ఏమవుతోందో ఒక్క నెల కూడా చూడలేదు. ముందు కోపమే వచ్చింది నాకు, ఆయన మీద. "గిన్నేండ్లు దాసి, ఇప్పుడెందుకు సెప్తున్నవ్ నాయినా?" అన్నాను. "రేపు గోడలు కూలగొడ్తరు. ఇగ యాడ సెప్పాలె?" అన్నాడు. కోపం ఎంతసేపో నిలవలేదు. దాని కింద ఉన్నది సిగ్గు. నేను తప్పు చేసి పడ్డ సిగ్గయితే ఏదో ఒకటి చేసి కడుక్కోవచ్చు. ఇది అది కాదు. నా బదులు ఇంకొకరు పడ్డారని తెలిసినప్పటి సిగ్గు. దానికి ఏం చేయాలో తెలియదు, ఎవరి కాళ్లు పట్టుకోవాలో తెలియదు. ఇన్నేళ్లు బోర్డు మీద తీగ గీసి పిల్లలకు నేర్పింది దీన్నే కదా, ఒకరి శిక్ష ఇంకొకరు మోయడం. అది వింటే ముందు ఆనందం రావాలని, కృతజ్ఞత రావాలని చెప్పేదాన్ని. సిగ్గు వస్తుందని ఎన్నడూ చెప్పలేదు. నాకే తెలియదు. ఇంట్లో హాయిగా నిద్రపోయిన పాపను అడిగితే కదా తెలిసేది.

జనం వచ్చారు. ఎక్కువమంది కొత్తవాళ్లే, తూంకుంట వైపు ఇళ్లు కొనుక్కుని వచ్చిన కుటుంబాలు, మంచి బట్టలు, మంచి మనుషులు. నాయినను దాటుకుంటూ "ప్రైజ్ ద లార్డ్ తాతగారూ" అన్నారు. చెప్పులు ఆయన చుట్టూ విడిచారు. పాటలు, ప్రసంగం అయ్యాయి. బల్ల మీద గుడ్డ తీశారు. సీసాలో కొన్న రసం, చిన్న చిన్న ప్లాస్టిక్ కప్పులు. "తీసుకునే ముందు ఎవరైనా ప్రభువు సన్నిధిలో ఏమైనా ఒప్పుకోవాలంటే..." అని పాస్టరు మామూలుగా అనే మాట అని, మామూలుగానే రెండు క్షణాలు ఆగాడు. ఆ రెండు క్షణాల్లో నాయిన తలుపు రెక్క పట్టుకుని లేచాడు.

"నేను గీ సంఘం పెద్దగ ఉన్నోన్ని" అన్నాడు. మైకు లేకపోయినా గొంతు చేరింది. "మా అవ్వ సారమ్మను గీడ కూసోబెట్టిన. న్యాయం అన్న. ముడ్తె పడే తీగ గురించి అందరికి సెప్పిన, భూమిలకు దింపే తీగ గురించి గూడ సెప్పిన. ఆమె కాడికి వచ్చేసరికి మొదటి తీగనే గుర్తువెట్టుకున్న. సెయ్యి ఇచ్చి లేపలే. తప్పు జేసిన."

ఎవరో సాక్ష్యమనుకుని చప్పట్లు కొట్టారు. నాకు నేలలోకి దిగిపోవాలనిపించింది. పాస్టరు కుర్రవాడు, మంచివాడు, మైకులో మెల్లగా అన్నాడు: "తాతగారూ, దేవుడు ఎప్పుడో క్షమించాడండీ. యేసయ్య అంతా భరించాడు కదా. దయచేసి కూర్చోండి, పళ్లెం మీ దగ్గరికే తెస్తాం."

"దేవుడు క్షమించిండు బిడ్డా, గది నాకెరుక, నీ పుట్టుకకు ముందటికెల్లి సెప్తున్న" అన్నాడు నాయిన. "సాప మీదికెల్లి లేపాలంటె మనిషి సెయ్యి ఇయ్యాలె. గిది మా పద్ధతి."

ఆ పద్ధతి తెలిసినవాళ్లు అక్కడ ఒక్కరూ లేరు. కొందరు పాస్టరు వైపు చూశారు, కొందరు ఫోన్ల వైపు. పాస్టరు ఒక అడుగు ముందుకేసి ఆగాడు, వెళ్లాలో వద్దో తెలియక. నాయిన ఎవరి కోసమూ ఎదురుచూడలేదు. నా వైపు తిరిగాడు.

"నువ్వియ్యి" అన్నాడు.

"నావల్ల గాదు నాయినా" అన్నాను, ఆయనకే వినపడేంత మెల్లగా. నేనెవరిని ఇవ్వడానికి? అవ్వ కూర్చున్నదే నా కోసమైతే, చెయ్యి అడగాల్సింది నేను కదా.

"నీవల్లనే అయితది. ఇంకెవలున్నరు?"

లేచి నిలబడి కుడిచెయ్యి చాపాను. స్తంభాలెక్కిన చెయ్యి, పాత కాలిన మచ్చలతో ఇప్పటికీ గరుకుగా ఉన్న చెయ్యి, నా చేతిని గట్టిగా పట్టుకుంది. శవపెట్టెలో అవ్వ చెయ్యి తిరిగి పట్టుకోలేనంత గట్టిగా పట్టుకుంది. నడవలో అడుగులో అడుగు వేయిస్తూ తీసుకెళ్లాను. మూడో బెంచీ చివర ఒక అబ్బాయి కూర్చుని ఉంటే, లేవమని చెప్పాల్సిన అవసరం లేకుండానే లేచాడు. నాయినను అక్కడ కూర్చోబెట్టాను. పళ్లెం వచ్చింది. ఆయన రొట్టె ముక్క తీసుకుని చాలాసేపు అరచేతిలో చూసుకున్నాడు. తర్వాత నోట్లో వేసుకున్నాడు. కప్పు ఎత్తుతుంటే తెల్ల చొక్కా మీద ఒక ఎర్ర చుక్క పడింది. తుడుచుకోలేదు.

నేను ఆయన పక్కన కూర్చోలేదు. వెనక్కి నడిచి గుమ్మం దగ్గరికి వచ్చాను. ఆయన చెప్పులు చాప పక్కన ఉన్నాయి. తీసి ఒళ్లో పెట్టుకుని చాప మీద కూర్చున్నాను. పళ్లెం ఆఖరి కుర్చీల దాకా వచ్చింది. పాస్టరు దాన్ని పట్టుకుని "రండి మేడమ్" అని సైగ చేశాడు. తల అడ్డంగా ఊపాను. ఎవరి శిక్షో నేను మోస్తానని కాదు, అంత పట్టుదల మా నాయినకే చెల్లింది, ఆ పని యేసయ్య సిలువ మీద ఎప్పుడో చేశాడని నేను ఇప్పటికీ నమ్ముతాను. ఆ గోడలు లేకుండా పోయేలోపు ఒక్కసారి అక్కడి నుంచి చూడాలనిపించింది.

అక్కడి నుంచి పాస్టరు కనిపించడు. స్తంభం అడ్డం. బల్ల కూడా సగమే. అందరి వీపులూ కనిపిస్తాయి, అది కూడా తలలు ఒకదానికొకటి అడ్డొచ్చి. తేటగా, ఏ అడ్డూ లేకుండా కనిపించేది ఒక్కటే, మూడో బెంచీ చివర, నడవ పక్కన కూర్చున్న మనిషి మెడ వెనుక భాగం. ఆ క్షణాన అక్కడ మా నాయిన ముడతల మెడ ఉంది. నా చెయ్యి నాకు తెలియకుండానే నా మెడ వెనక్కి వెళ్లి ఆ మచ్చల మీద ఆగింది. నడి పాపిట, ముందుకు వేసిన రెండు జడలు, పోట్లాడైనా సంపాదించాల్సిన ఆ చోటు. అన్ని ఆదివారాలూ ఆమె ఇక్కడ కూర్చుని చూసుకున్నది బతికి ఉన్న ఈ మెడనే. నేను ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి చూడలేదు.